మన పానగల్ దిక్కు తుపాకి ఎట్లొచ్చింది, దాని మీద రంగు ఎవరేసిండ్రు

ఇయ్యాల పోస్టు జర పెద్దగుంటది. పనుల మీద ఉన్నోళ్లు పక్కకు పెట్టుకొని రాత్రి బువ్వ తిన్నంక సదువుకోండి.

మొన్న చాయ్ హోటల్ కాడ కూసుంటే ఒక తమ్ముడు ఫోన్ల వీడియో చూపెట్టిండు. అమెరికాల ఒక పిలగాడు జీవితంల మొదటిసారి తుపాకి కొన్నడు. కొని నెల కాలేదు, దాని నల్లరంగు నచ్చలేదట. ముక్కలు ముక్కలుగ విప్పి, ఇసుకతోని కొట్టించి పాత రంగు తీసేసి, సెరామిక్ పూత ఏయించి, ఓవెన్ల పెట్టి కాల్పిచ్చిండు. బైటికి వచ్చినంక అది ఎడారి ఇసుక రంగుల ఉంది. మన పిలగాళ్లు బైకు ట్యాంకుకు స్టిక్కరింగ్ చేయించుకున్నంత తేలిగ్గ చేయించుకున్నడు. చూసినోళ్లందరం నవ్వినం. గప్పుడు ఆ తమ్ముడే అడిగిండు: "అన్నా, మన ఊళ్లె మొదటి తుపాకి ఎవరిదే?"

ముగ్గురం మూడు జవాబులు చెప్పినం. ఒకాయన ఖిల్లాది అన్నడు. ఒకాయన దొరలది అన్నడు. హోటల్ ఓనరు మాత్రం నా దిక్కు చూసి, "మీ తాతది కాదా?" అన్నడు. ఇంటికొచ్చినంక ఆలోచిస్తే ముగ్గురిదీ నిజమే అనిపించింది. ఎవరి లెక్కల వాళ్లది మొదటిదే. ఆ మూడింటి గురించే ఈ పోస్టు.

ముందు ఒక మాట. బయటి ఊర్ల నుంచి ఈ పేజీ చూసేటోళ్లు నల్లగొండ పక్కన ఉన్న పానగల్లుతోని మనల్ని కలుపుతుంటరు. ఛాయా సోమేశ్వరుని గుడి, ఉదయ సముద్రం చెరువు ఉన్నది వాళ్లది. మనది పాలమూరు పానగల్, 2016 నుంచి వనపర్తి జిల్లా. మనకు గుట్ట మీద ఖిల్లా ఉంది.

ఆ ఖిల్లా కోసం 1417 ప్రాంతంల బహమనీ సుల్తాను ఫిరోజ్ షా వచ్చి చుట్టు ముట్టిండు. రెండేండ్లు కూసున్నా గుట్ట దొరకలే. దండుల రోగాలు పడి మనుషులు, గుర్రాలు సచ్చినయి. అగ్గో అప్పుడు విజయనగరం రాజు మొదటి దేవరాయలు వచ్చి మీద పడ్డడు. ఫిరోజ్ షా ఘోరంగ ఓడి పోయిండు. మనూరి పేరు చరిత్ర పుస్తకాలల్ల ఉన్నదంటే ఎక్కువ ఆ యుద్ధం తోనే. ఆ కాలం పోరు అంటే బాణాలు, బల్లేలు, గుర్రాలు, ఏనుగులు. చేతిల పట్టుకునే తుపాకి ఈ దిక్కు ఇంక రాలేదనే చెప్పాలె.

అది బాగ వినబడ్డది వందేండ్ల తర్వాత, కృష్ణ అవతల. 1520ల శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోట మీదికి పోయినప్పుడు ఆయన దండుల కొంతమంది పోర్చుగీసోళ్లు తుపాకులు పట్టుకొని ఉన్నరు. వాళ్ల నాయకుడు క్రిస్టోవావ్ డి ఫిగెరెడో. గోడ మీద తల పైకి పెట్టినోణ్ని పెట్టినట్టే వాళ్లు కొట్టిండ్రట. పైన కాపలా మనిషి తల ఎత్తలేకపోయేసరికి, కింద రాయలు మనుషులు గడ్డపారలతోని గోడ రాళ్లు పెరికిండ్రు. ఈ సంగతి నూనిజ్ అనే పోర్చుగీసు వ్యాపారి రాసి పెట్టిండు. మనకు ఎడ్ల బండి మీద కొద్దిరోజుల ప్రయాణం అంత దూరంల జరిగిన ముచ్చట ఇది.

మాటలు చూడండి ఎట్లొచ్చినయో. 'తుపాకి' అన్నది తురుకీ భాషల తుఫెక్ నుంచి వచ్చింది. 'బందూకు' అరబ్బీ నుంచి. 'ఫిరంగి' అంటే ఫిరంగోళ్లది, అంటే ఐరోపావాళ్లది అని. ఒక్క సామానుకు మూడు దేశాల పేర్లు, మన సొంత పేరు ఒక్కటి లేదు. అరక, గొర్రు, గుంటక, పలుగు, ఇయ్యన్ని మనయి. తుపాకి మాత్రం సుట్టం లెక్క వచ్చి ఇంట్లనే ఉండిపోయింది.

మొదట్ల వచ్చినయి వత్తి తుపాకులు. గొట్టం పక్కన చిన్న చెవి ఉంటది, అండ్ల పోసే సన్న మందును రంజకం అనేటోళ్లు. మండుతున్న వత్తిని దానికి తాకిస్తే లోపలి మందు అంటుకొని గుండు పోతది. వానొస్తే వత్తి ఆరిపోతది, గాలొస్తే రంజకం ఎగిరిపోతది. అంటే వానకాలం పంటకు అది పనికిరాని కాపలా అన్నట్టు. తర్వాత చెకుముకి రాయి తుపాకి వచ్చింది. ఆ తర్వాతది టోపీ తుపాకి. ఆ టోపీ ఆలోచన స్కాట్లండ్ల ఒక చర్చి ఫాదరుది, పేరు అలెగ్జాండర్ ఫోర్సైత్. ఆయనకు పక్షుల వేట పిచ్చి. చెకుముకి మంట ముందుగాల మెరుస్తది, అది చూసి పక్షులు లేసిపోతున్నయి. ఆ మెరుపు లేకుంట మందు అంటించే ఉపాయం కనిపెట్టి 1807ల పేటెంట్ తీసుకున్నడు. పక్షుల మీది కోపంతోని మొదలైన పని లోకంల యుద్ధాల తీరే మార్చింది.

ఇగ రంగు ముచ్చటకు వస్త. అమెరికా పిలగాడు కొత్త పని ఏం చెయ్యలే. తుపాకి ఉన్నప్పటి నుంచి దాని ఒంటి మీద పని చేయించుకున్నోళ్లు ఉన్నరు. కాకపోతే మన దగ్గర అది నవాబులు, రాజుల పని. హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియం పోయినోళ్లు ఆయుధాల గది ఒకసారి నిదానంగ చూడండి. పాత తుపాకుల గొట్టాల మీద బంగారు, వెండి తీగెల పూలు ఉంటయి. దాన్ని కోఫ్త్‌గరీ అంటరు. ఇనుము మీద సన్న కత్తితోని అడ్డం నిలువు గీతలు గీకుతరు, చేను దున్ని మళ్ల అడ్డదున్ను దున్నినట్టే. ఆ గరుకు మీద బంగారు తీగె పెట్టి సుత్తెతోని మెల్లగ కొడితే అది గీతలల్ల పట్టుకుంటది. జిగురు లేదు, అతుకు లేదు. వందల ఏండ్లు అట్లనే ఉంటది.

గోలకొండ మీది పెద్ద ఫిరంగులకు కూడ అంతే. 1687ల ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడి ఏసిన కోట అది. ఆ ముట్టడిల వాడిన ఫతే రహబర్ ఫిరంగి ఇంక అక్కడనే పేట్ల బురుజు మీద ఉంది. దాని మీద ఫార్సీ అక్షరాలు పోతపోసి ఉన్నయి. మనుషులను సంపే గొట్టం మీద అంత అందమైన రాత ఎందుకని నేను మొదటిసారి చూసినప్పుడు అనుకున్న. ఇప్పుడు అర్థమైతది. పేరు రాస్తే అది ఎవరిదో లోకానికి తెలుస్తది. ఈ పేరు, నంబరు సంగతి యాది పెట్టుకోండి, ముంగట పనికొస్తది.

సాదా సిపాయి తుపాకికి బంగారం ఎవడేస్తడు? దానికి తుప్పే రంగు. నిజంగ తుప్పే. ఇంగ్లీషోళ్ల సిపాయిలు ముందుగాల గొట్టాలను ఇటుక పొడితోని తోమి తళతళ మెరిపించేటోళ్లు. తోమి తోమి గొట్టం పల్చవడేది, ఎండల మెరిసి దూరంకెల్లి శత్రువుకు కనబడేది. 19వ శతాబ్దం మొదట్ల గోధుమరంగు చేసుడు మొదలువెట్టిండ్రు. పద్ధతి ఏందంటే, గొట్టాన్ని జిడ్డు లేకుంట కడిగి, పుల్లటి మందు నీళ్లు రాసి, తేమ ఉన్న గదిల పెడితే సన్నటి ఎర్రతుప్పు లేస్తది. పైన లేసిన పొడిని కుంచెతోని రాకి, మళ్ల రాసి, మళ్ల పెట్టాలె. ఇట్ల ఎన్నోసార్లు చేసినంక తుప్పు ఒక పొర లెక్క గట్టిపడతది. మధ్యల మరిగే నీళ్లల్ల ముంచితే ఆ ఎర్ర తుప్పే నల్ల పొరగ మారుతది. దాని మీద నూనె రాస్తే అది నూనెను పట్టుకుంటది, ఇంక తుప్పును లోపలికి రానియ్యదు.

మన కమ్మరి కొలిమిల కాలిన కొత్త కొడవలి మీద నల్లటి పొర ఉంటది చూడండి, అది కూడ ఆ జాతిదే. మనం దాన్ని పట్టించుకోం. నూరినకాడ తెల్లగైతది, నూరనికాడ నల్లగుంటది. నల్లగున్న కాడ తుప్పు లేటుగ పడతది. వానల అరక మరిచిపోయినోళ్లకు ఈ తేడా చెప్పాల్సిన పని లేదు.

ఆ పుల్లటి మందు నీళ్ల పాత పద్ధతుల్లో కొన్నిటిల నవాసాగరం ఉండేది. బీదర్ల బిద్రీ సామాన్ల మీద నల్లరంగు తెచ్చేది కూడ నవాసాగరమే, కోట మట్టితోని కలిపి రాస్తరు. ఒకటే సామాను అక్కడ హుక్కా కుండకు అందం తెచ్చింది, ఇంగ్లండ్ల సిపాయి గొట్టాన్ని ఎండ మెరుపు నుంచి కాపాడింది.

మళ్ల మన దిక్కు వద్దాం. నిజాం రాజ్యంల మన వనపర్తి ఒక సంస్థానం. 19వ శతాబ్దంల మొదటి రాజా రామేశ్వరరావు ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతోని ఒక దళం పెట్టుకున్నడు. ఆయన పోయినంక ఆ దళం నిజాం కొలువులకు పోయింది. హైదరాబాదుల ఏసీ గార్డ్స్ అనే ఏరియా ఉంది కద, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న జాగ అది. నేను చాలా ఏండ్లు ఏసీ అంటే చల్లమిషన్ అనుకున్న, నవ్వకండి. అదే హైదరాబాదుల గన్‌ఫౌండ్రీ అని ఇంకో జాగ. 1795 ప్రాంతంల ఫ్రెంచి రేమండ్ నిజాం కోసం అక్కడ ఫిరంగులు పోతపోయించిండు. ఇప్పుడు అక్కడ బ్యాంకులు, దుకాణాలు. మన బస్సులు కోఠి పోయినప్పుడు ఆ పక్కకెల్లే పోతయి.

అంటే రాజు దగ్గర తుపాకి ఉంది, నిజాం దగ్గర ఉంది. ఊళ్లల్ల? ఊళ్లల్ల గడీల ఉంది. మక్తేదార్లు, దేశ్‌ముఖులు, వాళ్ల మనుషుల చేతిల ఉంది. రైతు చేతిల ఉన్నది వడిసెల, గుతుప కట్టె. చేను కాడ మంచె మీద నిలవడి వడిసెలతోని రాయి ఇసిరితే పిట్ట లేస్తది. గడీ ముందు నిలవడితే ఆ వడిసెలే దిక్కు.

1946 జూలై 4న కడివెండిల ఏమైందో తెలంగాణల తెల్వనోళ్లు లేరు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్చిండ్రు, దొడ్డి కొమరయ్య పడిపోయిండు. కాల్చినోళ్ల చేతిల తుపాకులు, ఊరోళ్ల చేతిల కట్టెలు. అప్పుడు కడివెండి నల్లగొండ జిల్లాలనే ఉండె. మన దిక్కు 1947ల ఆత్మకూరు సంస్థానంల అప్పంపల్లి కాడ పోలీసులు కాల్చితే ఊరోళ్లు పోయిండ్రు. మా నాయనమ్మ ఆ పేరు చెప్పినప్పుడు గొంతు తగ్గించేది, ఎవరన్న ఇంటరేమో అన్నట్టు. ఎన్నో ఏండ్ల తర్వాత కూడ.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురు కలిసి సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చిండ్రు. తెలంగాణ రైతు బిడ్డ చేతికి తుపాకి వచ్చింది ఆ రోజులల్లనే. కొనలే, ఎవరు ఇయ్యలే. గడీల నుంచి, పోలీసు నాకాల నుంచి గుంజుకున్నయే ఎక్కువ. వాటిల భర్మార్లు చాలా. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. ముందుకెల్లి మందు నింపి, గుండు ఏసి, చువ్వతోని దట్టించి కొట్టాలె. ఒకసారి కొట్టినంక మళ్ల నింపేదాక చేతిల ఉత్త కట్టె ఉన్నట్టే. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజు మీద ఊరోళ్లు అట్లాంటి తుపాకులతోనే రజాకార్లను, నిజాం ఫౌజును ఆపే ప్రయత్నం చేసిండ్రు. అటువైపు ఫిరంగులు వచ్చినయి. బురుజు పడ్డది, మనుషులను వరుసల నిలవెట్టి సంపిండ్రు. ఇంకో పదిహేడు రోజులు ఆగితే, సెప్టెంబరు 13న భారత సైన్యం రాజ్యంలకు వచ్చింది. పదిహేడు రోజులు!

ఆ తర్వాత కూడ పోరాటం సాగింది, 1951 అక్టోబరుల ఇరమించిండ్రు. రైతు చేతికి వచ్చిన తుపాకులు మళ్ల పోయినయి. కొన్ని సర్కారుకు అప్పజెప్పిండ్రు, కొన్ని గుంజుకున్నరు, కొన్ని బాయిలల్ల పడ్డయి. 1952 ఎన్నికలల్ల రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి భారీ మెజారిటీతోని పార్లమెంటుకు పోయిండు.

ఇక్కడ నాకు అనిపించేది చెప్త. గుంజుకున్న తుపాకి మీద గడీ గుర్తులు ఉంటయి. వెండి బిళ్ల, పేరు, పూలు. పట్టుకున్నోనికి అది అందం కాదు, ఆపద. అందుకే ఆ కాలంల రైతు చేతిల తుపాకి అంటే ఎవరిదో తెల్వని తుపాకి, గుర్తు లేని తుపాకి. మా తాత తరానికి వచ్చేసరికి లెక్క తిరగవడ్డది. గుర్తు ఉంటేనే అది నీది.

ఎట్లంటే, 1959ల ఆయుధాల చట్టం వచ్చింది, 1962 అక్టోబరు నుంచి అమలైంది. అండ్ల పదమూడో సెక్షన్ల పంట కాపాడుకునే నిజమైన రైతుకు ముందుకెల్లి నింపే తుపాకికి లైసెన్సు ఇయ్యాలని రాసి ఉంది. అంటే మన భర్మారే. ఢిల్లీల కూసొని రాసిన చట్టంల పంట కాపలా అనే మాట వచ్చింది చూడండి, అది చదివినప్పుడు నాకు మంచిగనిపించింది. అదే చట్టంల ఇంకో సెక్షన్ ఉంది. తుపాకి మీద కొట్టిన పేరు, నంబరు, గుర్తు చెరిపినా, మార్చినా నేరం.

మా తాతకు లైసెన్సు ఆ చట్టం వచ్చిన కొన్నేండ్లకు వచ్చింది. పల్లి చేను గుట్ట కింద ఉండె, రాత్రి అయితే అడవి పందులు మందలుగ దిగేటియి. పది పందులు ఒక్క రాత్రి తిరిగితే మడి మడి నాగలితోని పెరికినట్టే. తాత హైదరాబాదు పోయి ఒక దుకాణంల కొన్నడు. బస్సుల గోనెసంచి సుట్టుకొని తెచ్చిండట. సంచి ఎందుకు తాతా, లైసెన్సు ఉండె కద అంటే, "లైసెన్సు జేబుల ఉంటది బిడ్డా, జనం సూసేది తుపాకిని" అనేటోడు. ఊళ్లెకు రాంగనే అందరూ వచ్చి చూసిండ్రట. నాటు మనిషికి, పటేలు కానోనికి, లైసెన్సు తుపాకి మా ఊళ్లె అదే మొదటిది. హోటల్ ఓనరు నా దిక్కు చూసింది అందుకే.

తాత దాంతోని జీవాన్ని కొట్టింది తక్కువ. ఉత్త మందు నింపి గాల్లెకు కొడితే ఆ సప్పుడుకు గుట్ట మారుమోగేది, పందులు రెండు మూడు రోజులు రాకపోయేటియి. నేను చిన్నగున్నప్పుడు మంచె మీద చెవులు మూసుకొని కూసున్నది యాదికుంది. గంధకం వాసన, తెల్ల పొగ, తర్వాత మస్తు సేపు కుక్కలు మొరుగుడు.

తాత తుపాకిని ఎట్ల చూసుకునేటోడో చెప్తే ఇప్పటి పిలగాళ్లు నమ్మరు. కొట్టిన తెల్లారి వేడి నీళ్లు గొట్టంల పోసి కడిగేటోడు. నల్లటి మందు మసి ఉప్పు లెక్క తేమ గుంజుతది, కడగకుంటే రెండు రోజులకే లోపల తుప్పు. ఆరినంక ఆముదం గుడ్డతోని తుడిచేటోడు. మన పాలమూరు, నల్లగొండ రెండూ ఆముదం పంటకు పేరు కద, ఇంట్ల ఎప్పుడూ ఉండేది. ఆముదం ఇనుముకు మంచి నూనె. మొదటి ప్రపంచ యుద్ధంల విమానం ఇంజన్లకు కూడ ఆముదమే పోసిండ్రు, క్యాస్ట్రాల్ ఆయిల్ పేరు కూడ ఆముదం ఇంగ్లీషు పేరు మీదనే వచ్చింది. కాకపోతే ఆముదం నిలువుంటే బంక అయితది. అందుకే మళ్ల మళ్ల తుడవాలె. కట్టె భాగానికి అవిసె నూనె. అది ఆరి కట్టెల ఇంకుతది. అరచేతితోని వేడి పుట్టేదాక రుద్దేటోడు. ఏండ్లు గడిచినకొద్దీ ఆ కట్టె పాత తలుపు గడప లెక్క నున్నగ, చింతగింజ రంగుకు వచ్చింది.

రెండే రెండు తుప్పుకు దారి ఇచ్చినయి. ఒకటి దసరా. ఆయుధ పూజకు తుపాకికి పసుపు కుంకుమ బొట్లు పెట్టేది నాయనమ్మ. తడి బొట్టు రెండు రోజులు ఉంటే ఇనుము మీద దాని ముద్ర పడతది. తాత ఏమనకపోయేది, మూడో నాడు పొద్దుగాలనే తుడిచేది. గొట్టం మీద మూడు మచ్చలు చివరిదాక ఉండె. రెండోది ఎలక్షన్. ఎలక్షన్ వస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్ల జమ చెయ్యాలె, అందరికి తెలిసిందే. నూనె రాసి ఇస్తే, నెలలు గడిచి తిరిగి వచ్చేసరికి వేలి ముద్రల ఆకారంల తుప్పు. ఎవరెవరు పట్టుకున్నరో లెక్క చెప్పొచ్చు. తప్పు ఎవరిదని అనను, గదిల నూరు తుపాకులు ఉంటే ఎవరు తుడుస్తరు?

అసలు దెబ్బ మా చిన్నాయన కొట్టిండు. ప్రేమతోనే. ఒక ఎలక్షన్ అయినంక తుపాకి బాగ తుప్పు పట్టి వచ్చింది. తాతకు అప్పటికే చూపు తగ్గింది. చిన్నాయన తాతకు చెప్పకుంట పట్నం తీసుకపోయి, గిన్నెలకు, బండి సైలెన్సర్లకు పాలిష్ పట్టేటోని కాడ మిషన్ మీద రుద్దిచ్చి, తెల్లటి పూత పోయించుకొచ్చిండు. ఇంట్ల పెడితే స్టీలు బిందె లెక్క మెరిసింది. మేం పిలగాళ్లం ఎగిరి దుంకినం. తాత చేతులతోని తడిమిండు. గొట్టం మొదలు కాడ వేలు ఆగింది. మళ్ల అక్కడనే తడిమిండు. "నంబరేదిరా?" అన్నడు.

నంబరు ఉంది, కాని సగం అరిగింది. మిషన్ చక్రం తుప్పుతోని పాటు అంకెల అంచులు తినేసింది. మధ్యల ఒక అంకె మూడో ఎనిమిదో తెల్వదు. రెన్యువల్‌కు పోయినప్పుడు కాగితం మీద నంబరు, గొట్టం మీద నంబరు కలవలే. నంబరు చెరిపినట్టు కేసు అయితదన్నరు. తుపాకి అక్కడనే ఉంచుకున్నరు. డెబ్బై దాటిన మనిషిని ఎనిమిది నెలలు తిప్పిండ్రు. ఇయ్యాల సారు లేడు, రేపు రా. ఏ ఆఫీసో చెప్పను, అప్పటోళ్లు ఎవరూ ఇప్పుడు లేరు. తాత జీవితం మొత్తంల తన మీద దొంగ అనే చూపు పడ్డది అప్పుడొక్కసారే. ఇంటికొచ్చి చిన్నాయనను ఒక్క మాట కూడ అనలే. అంటే బాగుండు అని చిన్నాయన ఇప్పటికీ అంటడు.

ఆ యాసంగి పల్లి సగం పందుల పాలైంది. తాత మళ్ల మంచె ఎక్కి డబ్బా కొట్టిండు.

చివరికి గట్టెక్కిచ్చింది ఆ దుకాణం పాత రసీదు. నాయనమ్మ పసుపు డబ్బాల పెట్టిన చీటీల మధ్య దొరికింది. దాంట్ల పూర్తి నంబరు, గొట్టం పొడుగు, కట్టె రకం అన్నీ రాసి ఉన్నయి. పాత రిజిస్టరుతోని కలిపి చూసి ఇడిచిపెట్టిండ్రు. తుపాకి ఇంటికొచ్చిన రోజు తాత చేసిన పని ఏందంటే, దీపం మసి తీసి ఆముదంల కలిపి ఆ తెల్ల పూత మీద రుద్దిండు. నిలవలే అనుకోండి, చేతికి అంటేది, బట్టకు అంటేది. ప్రతి వారం రుద్దేటోడు. మెరిసే తుపాకి చేనుకాడ పనికిరాదు, ఎన్నెల రాత్రి గుట్ట మీదికెల్లి కనబడతది అనేటోడు. నాకేమో ఆ మెరుపు చూస్తే ఆఫీసు మెట్లు యాదికొచ్చేటియేమో అనిపిస్తది.

తాత పోయినంక చట్టం ప్రకారం తుపాకి జమ చేసినం. లైసెన్సు మనిషికి ఇస్తరు, ఇంటికి కాదు. భూమి లెక్క విరాసత్ అయిపోదు. వారసుడు తన పేరు మీద కొత్తగ దరఖాస్తు పెట్టుకోవాలె, లేదంటే అమ్మేసుకోవాలె, సర్కారుకు ఇచ్చెయ్యాలె. 2019ల చట్టం మార్చి లైసెన్సు గడువు మూడేండ్ల నుంచి ఐదేండ్లు చేసిండ్రు, ఒక మనిషికి మూడు తుపాకుల కాడ రెండే అన్నరు. మనకు ఒక్కటే ఎక్కువ.

మా ఇంట్ల దీని మీద రెండు మాటలు ఉన్నయి. మా తమ్ముడు వద్దంటడు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పర్మిషన్ లేకుంట పందిని కొడితే కేసు, జింకను కొడితే జైలే, మరి తుపాకి ఇంట్ల పెట్టుకొని ఏం చేస్తవ్ అంటడు. తప్పు మాట కాదు. పందులను కాల్చనిచ్చే అధికారం సర్పంచులకు ఇచ్చిన్నమని సర్కారు చెప్పినా, కాల్చేది లిస్టుల ఉన్న షూటర్లే, మనం కాదు. నేను అనేది ఏందంటే, తుపాకి లేనికాడ రైతు ఊకె కూసుంటలేడు, చేను చుట్టూ కరెంటు తీగ గుంజుతుండు. ఆ తీగకు పంది పడేది ఒకసారి, మనిషి పడేది ఒకసారి. పక్క ఊర్లల్ల ఏమైందో మీకు నేను చెప్పనక్కర లేదు. ఉత్త మందు సప్పుడుకు ఎవ్వరూ సావరు.

దరఖాస్తు పెట్టనీకె నాకు ఈ నెలాఖరు దాకే టైముంది. రసీదు మళ్ల పసుపు డబ్బాలనే దొరికింది, లామినేషన్ చేయించిన. సోమవారం పొద్దుగాల పోతున్న. తుపాకి చేతికొస్తే మొదలు ఆ తెల్ల పూత తీయించాలె, లైసెన్సు ఉన్న దుకాణంలనే, నంబరు కాడ చెయ్యి పెట్టకుంట. మీ ఇండ్లల్ల పాత లైసెన్సు పుస్తకాలు, రసీదులు ఉంటే ఫొటో తీసి దాచుకోండి, నంబరు మాత్రం ఇక్కడ కామెంట్ల పెట్టకండి. మీ తాతల కాలం భర్మార్ ముచ్చట్లు ఉంటే రాయండి, రాత్రి సదువుత.